మహాయుగ సంఖ్య - దాని గణిత రహస్యము

వైష్ణవ గృహములలోను, దేవాలయములలోను ఆరాధనకు ముందు సంకల్పము చెప్పుకొనుట అనూచానముగ వచ్చుచున్న ఆచారము. ఆచమన ప్రాణాయామములు ముగిసిన పిదప కర్త తాను ఏ దేశమున, ఏ కాలమున నిలిచి భగవత్కైంకర్యమునకు పూనుకొనుచున్నాడో నోరార చెప్పుకొనును. బ్రహ్మయొక్క ద్వితీయ పరార్ధము, శ్వేతవరాహ కల్పము, వైవస్వత మన్వంతరము, కలియుగము, అందు ప్రథమ పాదము అని మహాకాలమునుండి క్రమముగ దిగివచ్చి, సంవత్సరాయన ఋతు మాస పక్ష తిథి వార నక్షత్రములతో నిలుపును. ఊరి పేరు చెప్పి ఇంటి గుర్తు చెప్పినట్లు, కాలములో తన నివాసమును తెలుపుకొనుట యిది.

ఈ మాటలు అనేకులకు కంఠస్థములే. అర్థమడిగినచో చెప్పగలవారు కొలదిమంది. ఇంటిలో చదువుకొనుచున్న బాలుడు, "ఈ లక్షల సంవత్సరములను ఎవరు చూచిరి? ఎవరు లెక్కించిరి?" అని యడిగినప్పుడు పెద్దలు కోపించుటయో, మౌనము వహించుటయో జరుగుచున్నది. మౌనము వహించిన యింట మరియొక తరమునకు సంకల్పము ఉండదు. అడిగిన ప్రశ్న దోషము కాదు. దానికి శాస్త్రమునందే సమాధానము కలదు. ఆ సమాధానమునకు మూలము ఒక్క సంఖ్య: 43,20,000. దీనికే మహాయుగ సంఖ్య యని పేరు. ఈ సంఖ్య వినువారిని ఆశ్చర్యపరచుటకు కల్పించినది కాదనియు, సూర్యచంద్రాది గ్రహముల గతులను శేషము లేకుండ కొలుచుటకు మహర్షులును, జ్యోతిష్కులును వాడిన మానదండమనియు తెలిసికొనుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

సంఖ్య ఏర్పడిన విధము

మనుస్మృతి ప్రథమాధ్యాయమునందును, శ్రీవిష్ణుపురాణము ప్రథమాంశమునందును, శ్రీమద్భాగవతము తృతీయ స్కంధమునందును యుగమానము చెప్పబడినది. కృతయుగము 4,000 దివ్యవర్షములు. దానికి ముందు 400 సంధ్య, వెనుక 400 సంధ్యాంశము. ఇట్లే త్రేతకు 3,000, సంధ్యలు మున్నూరేసి. ద్వాపరమునకు 2,000, సంధ్యలు ఇన్నూరేసి. కలికి 1,000, సంధ్యలు నూరేసి. సంధ్యలతో కూడ ఇవి క్రమముగ 4,800, 3,600, 2,400, 1,200 అగును. మొత్తము 12,000 దివ్యవర్షములు.

మనుష్యుల సంవత్సరము దేవతలకు ఒక అహోరాత్రము. అట్టివి 360 కూడిన ఒక దివ్యవర్షము. కావున 12,000 ను 360 చే గుణింపగా 43,20,000 మానవ వర్షములు వచ్చును. విడివిడిగ కృతయుగము 17,28,000, త్రేత 12,96,000, ద్వాపరము 8,64,000, కలి 4,32,000. వీని నిష్పత్తి 4 : 3 : 2 : 1. ధర్మదేవత నాలుగు పాదములతో మొదలై ఒక్క పాదముతో నిలుచు నని చెప్పు పురాణవాక్యమునకు ఇది సరియైన గణితరూపము. నాలుగు, మూడు, రెండు, ఒకటి కలిసిన పది యగును. కావున కలియుగము మహాయుగమున సరిగా పదియవ వంతు.

అక్షరములలో ఒదిగిన సంఖ్య

ఇంతటి సంఖ్యలు తాళపత్రములలో చెడకుండ నిలుచుటకు పూర్వులు చేసిన ఏర్పాటు మెచ్చదగినది. అంకెలు వ్రాసినచో లేఖకుని చేతిలో ఒకటి తప్పినను తెలియదు. అందుచే సంఖ్యను మాటగ మార్చి ఛందస్సులో బంధించిరి.

ఆర్యభటుడు తన గ్రంథమునందు ఈ సంఖ్యను "ఖ్యుఘృ" అను రెండక్షరములలో ఇమిడ్చెను. అతని పద్ధతిలో కకారము మొదలు మకారము వరకు గల హల్లులు 1 మొదలు 25 వరకు, యకారము 30. అచ్చులు స్థానములను తెలుపును: అకారము ఒకట్లు, ఇకారము నూరులు, ఉకారము పదివేలు, ఋకారము పదిలక్షలు. 'ఖ' రెండు, 'య' ముప్పది, కలిసి 32, ఉకారముచే 3,20,000. 'ఘ' నాలుగు, ఋకారముచే 40,00,000. రెండును కలిసిన 43,20,000. చేతిలో ఇమిడిన బియ్యపు గింజపై వ్రాసిన వ్రాతవలె నున్నది కదా!

సూర్యసిద్ధాంతము మరియొక మార్గమున నడచినది. అచ్చట ఆకాశము నాలుగు మారులు, దంతములు, సముద్రములు అను మాటలతో ఇదే సంఖ్య చెప్పబడినది. ఆకాశము శూన్యము గనుక సున్న, దంతములు 32, సముద్రములు 4. అంకెలు కుడినుండి ఎడమకు నడచును గావున ముందు నాలుగు సున్నలు, వానికి ఎడమ 32, దానికి ఎడమ 4. మరల 43,20,000. పద్ధతులు వేరైనను సంఖ్య ఒక్కటియే.

భాజకముల సంపద

ఇక ఈ సంఖ్యయొక్క నిర్మాణమును పరిశీలింతము. దీనిని మూలసంఖ్యలుగ విడదీసినచో రెండు ఎనిమిది మారులు, మూడు మూడు మారులు, ఐదు నాలుగు మారులు గుణింపబడి యున్నవి. అనగా 256 × 27 × 625. మరి యే మూలసంఖ్యయు ఇందు లేదు. రెండును తీసికొనక పోవుట మొదలు ఎనిమిది మారులు తీసికొనుట వరకు తొమ్మిది విధములు. మూడును నాలుగు విధములు. ఐదును ఐదు విధములు. ఈ మూటిని గుణింపగ 180. కావున 43,20,000 ను శేషము లేకుండ భాగించు సంఖ్యలు నూట యెనుబది కలవు.

వీనిలో మన నిత్యజీవనమున కనబడు కాలమానములు చాలవరకు ఇమిడియున్నవి. సంవత్సరమునకు మాసములు 12, పక్షమునకు తిథులు 15, మాసమునకు తిథులు 30, నక్షత్రములు 27, ఋతువులు 6, దినమునకు ఘడియలు 60, చక్రమునకు భాగలు 360. వీనిలో దేనితో భాగించినను శేషముండదు. ప్రభవాది సంవత్సరములు అరువది. మహాయుగమున అట్టి ఆవృత్తులు సరిగా 72,000.

తులసిమాలలో పూసలు 108. ఇరువదియేడు నక్షత్రములకు నాలుగేసి పాదముల చొప్పున నక్షత్రపాదములును 108. మహాయుగ సంఖ్యను 108 చే భాగించిన 40,000. కలియుగ సంఖ్యను భాగించిన 4,000. కలియుగమున ఒక పాదము సరిగా 1,08,000 సంవత్సరములు.

శాస్త్రగణనలో శ్వాసకు ప్రాణమని పేరు. ఆరు ప్రాణములు ఒక విఘడియ, అరువది విఘడియలు ఒక ఘడియ, అరువది ఘడియలు ఒక దినము. ఆ లెక్కన అహోరాత్రమునకు శ్వాసలు 21,600. రాశిచక్రమునందలి కళలును 21,600. మహాయుగ సంఖ్య దీనికి సరిగా రెండు వందల రెట్లు. కలియుగ సంఖ్య ఇరువది రెట్లు. అనగా మానవుడు ఇరువది దినములలో విడుచు శ్వాసలు ఎన్నియో, కలియుగమున సంవత్సరములు అన్ని. దూరమున నున్నదనుకొన్న యుగము మన ఉచ్ఛ్వాస నిశ్వాసములతోనే కొలువబడుచున్నది.

పెద్ద సంఖ్య ఎందులకు?

ఈ సంఖ్యకు గల ముఖ్య ప్రయోజనము ఇప్పుడు తెలియవలెను. సంవత్సరమునకు 365 దినములని సామాన్యముగ చెప్పుదురు. కాని సూర్యుడు రాశిచక్రమును చుట్టి వచ్చుటకు 365 దినములపై కొంత కావలెను. ఆ "కొంత" యెంత? దశాంశ భిన్నముల వాడుక లేని కాలమున దానిని తెలుపుటకు ఒక్కటే మార్గము: శేషము మిగులకుండ పోవునంతటి పెద్ద కాలమును గ్రహించి, అందులో దినములెన్ని, సూర్యుని భగణములెన్ని, చంద్రుని భగణములెన్ని యని పూర్ణసంఖ్యలలో చెప్పుట. భగణమనగా రాశిచక్రమును ఒకమారు చుట్టి వచ్చుట.

సూర్యసిద్ధాంతము ప్రకారము మహాయుగమున సూర్యుని భగణములు 43,20,000. సావన దినములు 157,79,17,828. రెండవదానిని మొదటిదానిచే భాగింపగ సంవత్సరమునకు 365 దినములు, 15 ఘడియలు, 31 విఘడియలపై కొంచెము వచ్చును. ఎవ్వరును నలువదిమూడు లక్షల యేండ్లు కూర్చుండి చూడలేదు. తరతరములుగ చూచి తెలిసికొన్న గతిని, ఏ లేశమును జారిపోకుండ నిలుపుటకు తగిన పాత్రగ ఈ సంఖ్యను గ్రహించిరి. ఇదియే బాలుని ప్రశ్నకు మొదటి సమాధానము.

చిన్న సంఖ్య చాలదా యను సందేహము కలుగవచ్చును. ఆర్యభటుని మతమున మహాయుగ దినములు 157,79,17,500. దీనిని, 43,20,000 ను 7,500 చే భాగించినచో 2,10,389 దినములు, 576 సంవత్సరములు మిగులును. ఏడవ శతాబ్దికి చెందిన ప్రథమ భాస్కరుడు కుట్టకగణితమున ఈ చిన్న సంఖ్యలనే వాడెను. కాని సూర్యసిద్ధాంత దినసంఖ్య ఇంతకంటె 328 దినములు ఎక్కువ. ఒక్క సంవత్సరమునకు ఈ భేదము రెండు ప్రాణముల కాలము కూడ లేదు. అయినను ఆ దినసంఖ్యకు, 43,20,000 కు ఉమ్మడిగ నున్న పెద్ద భాజకము నాలుగు మాత్రమే. కావున అచ్చట 10,80,000 సంవత్సరములకంటె తక్కువ కాలములో లెక్క శేషరహితము కాదు. సూక్ష్మమును పట్టుకొనవలె ననిన కొలది సంఖ్య పెద్దది కాక తప్పదు.

అధికమాసము, ఏకాదశి

ఈ లెక్క మన ఇంటి పండుగలను ఎట్లు నడుపుచున్నదో చూతము. మహాయుగమున చంద్రుని భగణములు 5,77,53,336. వీనినుండి సూర్యభగణములను తీసివేయగా చాంద్రమాసములు 5,34,33,336. సౌరమాసములు 43,20,000 × 12 = 5,18,40,000. రెంటి భేదము 15,93,336. ఇవియే అధికమాసములు. సౌరమాసములను వీనిచే భాగింపగ 32 మాసముల 16 దినముల 4 ఘడియలకు ఒక అధికమాసము వచ్చునని తేలును. పెద్దలు నోటిలెక్కగ చెప్పు మాటకు మూలమిదియే. 2020 లో అధికాశ్వయుజము, 2023 లో అధికశ్రావణము, 2026 లో అధికజ్యేష్ఠము ఇట్లు ఏర్పడినవే. ఈ మాసమునకు వైష్ణవులు పురుషోత్తమ మాసమని పేరిడి ప్రత్యేకముగ ఆరాధింతురు. తిరుమలలో అధికమాసము వచ్చిన సంవత్సరమున శ్రీవారికి రెండు బ్రహ్మోత్సవములు జరుగుట భక్తులకు తెలిసినదే.

చాంద్రమాసములను 30 చే గుణింపగ తిథులు 160,30,00,080. వీనినుండి సావన దినములను తీసివేసిన మిగులునవి 2,50,82,252 క్షయతిథులు. సుమారు అరువదినాలుగు తిథులకు ఒకటి చొప్పున తిథి లోపించును. మధ్యమ మానమున తిథి దినముకంటె కొంచెము చిన్నది. అందుచేతనే తిథి యొక్కొక్కప్పుడు అరుణోదయమున, ఒక్కొక్కప్పుడు మధ్యాహ్నమున, ఒక్కొక్కప్పుడు రాత్రి మారుచుండును. అరుణోదయమున దశమి తగిలిన ఏకాదశిని వైష్ణవులు విడిచి మరునాడు ఉపవసించుటకు ఈ సూక్ష్మగణనయే ఆధారము. ఈ లెక్క తప్పినచో వ్రతదినము తప్పును. ఇంతకంటె గణితమునకు గౌరవమేమి కావలెను!

ఏడు ఇమడని చోటు

ఒకటి మొదలు పది వరకు గల సంఖ్యలలో 43,20,000 ను భాగింపజాలనిది ఏడు ఒక్కటియే. దీనివలన పుట్టిన చిక్కు పురాణములందు స్పష్టముగ కనబడును.

వేయి మహాయుగములు బ్రహ్మకు ఒక పగలు. అదియే కల్పము, 432 కోట్ల సంవత్సరములు. ఆ పగటిలో పదునలుగురు మనువులు అధికారము వహింతురు. పదునాలుగులో ఏడున్నది, వేయిలో ఏడు లేదు. వేయిని పదునాలుగుచే భాగింపగ 71 వచ్చి 6 శేషించును. కావుననే శ్రీవిష్ణుపురాణము మన్వంతరమునకు డెబ్బదియొక్క మహాయుగములపై కొంచెము అధికమని చెప్పినది. డెబ్బదియొక్క మహాయుగములకు 30,67,20,000 సంవత్సరములని లెక్కయు ఇచ్చినది.

ఆ "కొంచెము" ఎచ్చట నుండును? సూర్యసిద్ధాంతము దీనిని చక్కగ సమన్వయించినది. పదునాలుగు మన్వంతరములకు ఆదియందు ఒకటి, ప్రతి మన్వంతరము చివర ఒక్కటి, మొత్తము పదునైదు సంధులు. ఒక్కొక్క సంధి కృతయుగముతో సమానము, 17,28,000 సంవత్సరములు. కృతయుగము మహాయుగమున పదింట నాలుగు వంతులు. పదునైదు నాలుగులు అరువది; అరువది పదవవంతులు ఆరు మహాయుగములు. పదునాలుగు డెబ్బదియొక్కలు 994. రెండును కలిసిన సరిగా 1,000. శేషించిన ఆరును ఎచ్చటను వదలక, ప్రతి మన్వంతర సంధియందు సమముగ పంచినారు.

ఆర్యభటుడు వేరుమార్గమును త్రొక్కెను. మనువునకు 72 మహాయుగములని గ్రహించి కల్పమును 1,008 మహాయుగములుగ చేసెను. యుగములను 4 : 3 : 2 : 1 గ గాక, 10,80,000 సంవత్సరముల సమపాదములుగ విభజించెను. ఇది స్మృతులకు విరుద్ధమని బ్రహ్మగుప్తుడు 628 లో రచించిన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతమునందు ఖండించెను. మతభేద మెంత యున్నను మహాయుగము 43,20,000 అనుటలో ముగ్గురికిని ఏకవాక్యత కలదు. కల్యాదియు ఒక్కటియే. కలియందు 3,600 సంవత్సరములు గడచునప్పటికి తనకు ఇరువదిమూడేండ్లని ఆర్యభటుడు చెప్పుకొనుటచే ఆ కాలము క్రీ.శ. 499 అనియు, అతని జననము 476 అనియు నిశ్చయింపబడినది.

పంచాంగములోని రెండు లెక్కలు

పంచాంగములను చూచువారికి ఒక సందేహము కలుగుచుండును. కల్పాదిగ గడచిన సంవత్సరములు ఒక సంఖ్యగను, సృష్ట్యాదిగ గడచినవి మరియొక సంఖ్యగను ఉండును. 2025 ఉగాదితో ఆరంభమైన విశ్వావసు సంవత్సరమునకు మొదటిది 197,29,49,126, రెండవది 195,58,85,126. ఒక్కదానిలో తప్పున్నదని కొందరు తలంతురు. రెండును ఒప్పులే.

వైవస్వతుడు ఏడవ మనువు. అతనికి ముందు ఆరు మన్వంతరములు గడచినవి: 426 మహాయుగములు. సంధులు ఏడు గడచినవి: రెండు మహాయుగములును, పదింట ఎనిమిది వంతులును. వైవస్వతమున 27 మహాయుగములు గడచినవి. ఇరువది యెనిమిదవదానిలో కృత త్రేతా ద్వాపరములు గడచినవి: పదింట తొమ్మిది వంతులు. అన్నియు కూడిన 456 మహాయుగములును, పదింట ఏడు వంతులును. అనగా 197,29,44,000 సంవత్సరములు. దీనికి 2025 ఉగాది నాటికి కలియందు గడచిన 5,126 ను చేర్చిన మొదటి సంఖ్య వచ్చును.

బ్రహ్మ గ్రహనక్షత్రాదులను సృష్టించుటకు 47,400 దివ్యవర్షములు పట్టెనని సూర్యసిద్ధాంతము చెప్పుచున్నది. 360 చే గుణింపగ 1,70,64,000 సంవత్సరములు. గ్రహగతి లెక్క ఆ పిదపనే మొదలిడవలెను. దీనిని తీసివేయగ రెండవ సంఖ్య ఏర్పడును.

ఇందు గణిత రమణీయత యొకటి కలదు. తీసివేసిన పిదప కల్యాది వరకు మిగిలిన కాలము 195,58,80,000 సంవత్సరములు. అనగా 452 మహాయుగములును మూడు పాదములును. సూర్య చంద్ర కుజ గురు శనుల మహాయుగ భగణములును, బుధశుక్రుల శీఘ్రోచ్చ భగణములును అన్నియు నాలుగుచే భాగింపబడునవే. చంద్రునివి 5,77,53,336, కుజునివి 22,96,832, గురునివి 3,64,220, శనివి 1,46,568. కావున ముప్పాతిక యుగమునకు వీని భగణములు పూర్ణసంఖ్యలే యగును. కల్యాదియందు మధ్యమ గ్రహములన్నియు మేషాదియందే కూడును. చంద్రోచ్చ భగణములు 4,88,203 మాత్రము నాలుగుచే పోవు, మూడు శేషించును. అందుచే కల్యాదియందు చంద్రోచ్చము మేషాదియందు గాక కర్కటకాదియందు నిలుచును. సృష్టికాలమును తీసివేయక పదింట ఏడు వంతులనే గ్రహించినచో చంద్రునికే శేషము మిగులును. ఒక్క సంఖ్యను కదిపినచో తక్కినవన్నియు కదలును. ఇది కథకొరకు చేర్చిన లెక్క కాదని దీనివలన స్పష్టమగుచున్నది.

దృక్కునకు పెద్దపీట

శాస్త్రమును గౌరవించుట యనగా ప్రత్యక్షమును కాదనుట కాదు. నేటి ఖగోళశాస్త్రము నక్షత్ర సౌరవర్షమును 365 దినముల 6 గంటల 9 నిమిషముల 10 సెకండ్లుగ నిర్ణయించినది. సూర్యసిద్ధాంత వర్షము 365 దినముల 6 గంటల 12 నిమిషముల 36 సెకండ్లు. భేదము మూడున్నర నిమిషములకు లోపలనే. అంతటి సాధనములు లేని కాలమున ఇంత దగ్గరకు వచ్చుట సామాన్యము కాదు. అయినను ఈ భేదము కూడుచు సుమారు 418 సంవత్సరములకు ఒక దినమగును. అట్లే, క్రీ.పూ. 3102 ఫిబ్రవరిలో ఆరంభమైన కల్యాదికి నేటి గణనతో వెనుకకు పోయి చూచినచో, గ్రహములు సరిగా ఒక్క బిందువున లేవని తేలుచున్నది. పూర్వులు చెప్పినది మధ్యమ గ్రహముల లెక్క. అది గణనకు ఆదిస్థానము.

ఈ సంగతి విని భక్తులు చిన్నబుచ్చుకొన పనిలేదు. ఆచార్యులే ముందు గుర్తించిరి. లెక్కయు చూపును కలియనప్పుడు బీజసంస్కారము చేయవలె నని విధించిరి. కేరళదేశమున 683 లో హరిదత్తుని పరహితగణితమును, 1431 లో పరమేశ్వరుని దృగ్గణితమును ఇట్లు వచ్చినవే. కొందరు భూమి వయస్సు నేటి శాస్త్రమున సుమారు 454 కోట్ల సంవత్సరములనుట చూచి, కల్పసంఖ్య 432 కోట్లతో ముడిపెట్టి సంతోషింతురు. అది తగదు. మన లెక్కలో కల్పమున గడచినది 197 కోట్లే కదా! అరువు తెచ్చిన సాక్ష్యముతో శాస్త్రమునకు గౌరవము పెరుగదు. దాని లోపలి పొందికయే దానికి గౌరవము.

మన స్థానము

ఇక సంకల్పమునకు మరలుదము. కలియుగ ప్రథమ పాదము 1,08,000 సంవత్సరములని చూచితిమి. 5,126 అందు ఇరువదియొకటవ వంతు కూడ కాదు. కలికి ముందున్న సంధ్య నూరు దివ్యవర్షములు, అనగా 36,000 సంవత్సరములు. 5,126 దానిలో ఏడవ వంతు కూడ కాదు. కావున మనము కలియుగపు తొలిసంధ్యలోనే యున్నాము. లోకమున అధర్మము కనబడినప్పుడెల్ల యుగాంతము వచ్చినదని భయపడువారికి ఈ లెక్క ధైర్యము చెప్పును. ఆచరింపవలసిన ధర్మమునకు కాలము ముగియలేదు.

శ్వేతవరాహ కల్పమను మాటయు శ్రద్ధతో తలపదగినది. భూదేవి నుద్ధరించిన వరాహమూర్తి పేరిట ఈ బ్రహ్మదినము పిలువబడుచున్నది. తిరుమల ఆదివరాహ క్షేత్రము. యాత్రికులు మొదట శ్రీవరాహస్వామిని సేవించి పిదప శ్రీనివాసుని దర్శించుట సంప్రదాయము. సంకల్పమునందును ముందు వరాహస్మరణము, పిదప ఆరాధన. కాలమునందును క్షేత్రమునందును క్రమమొక్కటియే.

గీతాచార్యుడు ఎనిమిదవ అధ్యాయమునందు, బ్రహ్మకు పగలు వేయి యుగములనియు, రాత్రియు అంతే యనియు ఎరిగినవారే అహోరాత్రముల తత్త్వము నెరిగినవారని బోధించెను. పదవ అధ్యాయమునందు, గణించువారిలో కాలము తానే యనెను. కావున కాలగణనము పొడి లెక్క కాదు, భగవద్విభూతిని తెలిసికొనుటయే.

అయితే ఇంత పెద్ద సంఖ్యను తెలిసికొన్నందుకు ఫలమేమి? బ్రహ్మలోకము వరకు గల సమస్తమును కాలమునకు లోబడినదే. 432 కోట్ల సంవత్సరముల పగటికిని సాయంకాలము కలదు. మరి నూరేండ్ల మానవునకు గర్వమెందులకు? ఇది మొదటి ఫలము. రెండవది యింకను గొప్పది. శ్రీమద్భాగవతము ద్వితీయ స్కంధమున శుకయోగి పరీక్షిత్తునకు ఖట్వాంగ మహారాజు వృత్తాంతమును తెలిపెను. తనకు ఆయువు ఒక్క ముహూర్తమే మిగిలియున్నదని తెలిసికొని ఆ రాజర్షి సమస్తమును విడిచి శ్రీహరిని శరణు పొందెను; ఆ రెండు ఘడియలే చాలినవి. పరీక్షిత్తునకు ఏడు దినములున్నవి, అవియు చాలినవి. యుగముల లెక్కలో కనబడనంతటి స్వల్పకాలము భగవంతుని తలచినచో వ్యర్థము కాదు.

కావున సంకల్పము చెప్పునప్పుడు ప్రతి మాటను దాని లెక్కతో స్మరింపవలెను. పిల్లలు ప్రశ్నించినచో కాగితము, కలము తెచ్చి 12,000 ను 360 చే గుణింపజేయవలెను. 108 చే భాగింపజేయవలెను. పంచాంగము తెచ్చి ఆ రెండు సంఖ్యల భేదమును వారిచేతనే తీయింపవలెను. తన చేతితో చేసిన లెక్కను బాలుడు మరువడు. లెక్క తెలిసిన నోట సంకల్పము వట్టి మాటగ నుండదు.

కాలస్వరూపుడగు శ్రీమన్నారాయణుడు అందరకును ఆయువును, ఆయువునకు తగిన జ్ఞానమును, జ్ఞానమునకు ఫలమైన భక్తిని అనుగ్రహించుగాక!